ఎడంచేతి ఒర

ఆ చలికాలం మా అక్క హెల్మికి తుపాకీ ఎంచిపెట్టడానికి ఊళ్ళో మగాళ్ళంతా ముందుకొచ్చారు. దాని మొగుడు క్లేటన్‌కి గడ్డి పెట్టడానికి మాత్రం ఒక్కడూ రాలేదు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. మండనీ. చల్లారాక చెబుదామని కూచుంటే ఇది ఎప్పటికీ చెప్పలేను.

నవంబరులో, జింకల వేట మొదలయ్యే వారంలో అక్క వాణ్ణి వదిలేసి నా దగ్గరికి వచ్చేసింది. మా ఇద్దరికీ ఊళ్ళో పాస్టీల కొట్టుంది. మాంసం, బంగాళాదుంపలు, ఉల్లిపాయలు పిండిరొట్టెలో మడిచి, అంచు నొక్కి పొయ్యిలో కాలుస్తాం. ఆ కొట్టు మీది గదుల్లోనే నా కాపురం. వచ్చిన రోజు దాని కుడిచేతికి పెద్ద కట్టుంది. ట్రక్కు తలుపులో వేళ్ళు పడ్డాయంది.

"పడ్డాయా, పెట్టి వేశాడా?" అన్నాను.

"వేసి, దానికి ఆనుకుని నించున్నాడే సైమా," అంది. ఆ తర్వాత ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. చూపుడువేలు అతుక్కుంది గానీ వంగదు. చలిలో అసలే వంగదు.

వాడు దగ్గరికి రాకూడదని కోర్టు ఉత్తర్విచ్చింది. వాడూ దగ్గరికి రాలేదు. రోడ్డుకి అటుపక్క పెట్రోలు బంకులో ట్రక్కు ఆపుకుని, ఇంజను ఆపకుండా, మా కొట్టుకేసి చూస్తూ కూచునేవాడు. మా పని తెల్లవారకముందే మొదలవుతుంది. ఎగువ మిషిగన్‌లో డిసెంబరంటే మా పొయ్యి రెండోసారి నిండాక గానీ బయట వెలుతురు రాదు. అక్క పిండి కలపడానికి దిగినప్పుడూ, చెత్త పారేయడానికి వెనక పార్కింగులోకి వెళ్ళినప్పుడూ ఆ ట్రక్కు లైట్లు ఒకసారి వెలిగి ఆరేవి. అంతే. అంతకన్నా ఏమీ చేసేవాడు కాదు.

ఫిర్యాదు చేస్తే పోలీసు డెప్యూటీ ఒకడొచ్చాడు. మర్యాదగా టోపీ తీసి, "అమ్మా, బంకులో కూచోడం నేరం కాదండీ. మంచు పడే రోజైతే మేం వచ్చేసరికి ఆలస్యమవుతుంది కూడా. చలికోటు కింద ఓ చిన్న తుపాకీ ఉంచుకోండి, ధైర్యంగా ఉంటుంది," అని ఉచిత సలహా పారేసి, వేడి పాస్టీ పొట్లం కట్టించుకుని వెళ్ళిపోయాడు.

"వాడు వెధవైతే నువ్వు తుపాకీ మొయ్యడమేంటే?" అన్నాను.

"మొయ్యక ఏం చెయ్యమంటావు? నువ్వొచ్చి వాడి ట్రక్కుకి అడ్డంగా పడుకుంటావా?" అంది అక్క.

పడుకునేదాన్నే, కానీ దానివల్ల లాభం లేదని నాకూ తెలుసు.

తుపాకీలు మాకు కొత్తేం కాదు. జడలేసుకునే వయసు నుంచీ ఇద్దరం నాన్న వెంట జింకల వేటకి వెళ్ళినవాళ్ళమే. కానీ రైఫిలు భుజానికుంటుంది, అందరికీ కనబడుతుంది. ఒంటి మీద దాచుకుని, మనిషిని ఎదురుగా ఊహించుకుని ఎంచుకునేది వేరే. వెండెల్ తుపాకుల కొట్టుకి వెళితే అప్పటికే స్టవ్ చుట్టూ నలుగురు చేరి ఉన్నారు. మా నాన్న ఆర్వో కూడా అక్కడే ఉన్నాడు. నాన్న జీవితమంతా అడవిలో చెట్లు కొట్టినవాడు. భుజాలు వంగాయి గానీ గొంతు వంగలేదు.

వెండెల్ అద్దాల బల్ల మీద వెల్వెట్ గుడ్డ పరిచి, "ఆడవాళ్ళకైతే ఇదండీ. అరచేతిలో ఇమిడిపోతుంది. గులాబిరంగు పిడిది కూడా ఉంది," అన్నాడు.

"రంగు చూసి సిగ్గుపడి పారిపోతాడా వాడు?" అన్నాను నేను.

"పెద్దది తీసుకోవే హెల్మీ," అన్నాడు నాన్న. "అందరూ దళసరి కోట్లలో తిరిగే రోజులు. చిన్నదాంతో పేలిస్తే దోమ కుట్టినట్టుంటుంది."

"రివాల్వర్ కొనండి. ఆ పలక పిస్తోళ్ళు చలికి బిగుసుకుపోతాయి," అన్నాడు స్టవ్ దగ్గర ఒకడు.

"నీ మొహం! నూనె మరీ ఎక్కువ పోస్తే బిగుసుకుంటాయి. నీలాగే," అన్నాడు పక్కవాడు. అందరూ నవ్వారు.

అలా చాలాసేపు సాగింది. ఇంత చలికి ఏ సైజు గుండు, కోటు జేబులోనా, నడుముకా, చీలమండకా. వాళ్ళకది వినోదం. కోటు లోపల ఏం తొడుక్కుంటావని గానీ, ఏ చేత్తో తీస్తావని గానీ అక్కని ఒక్కడూ అడగలేదు. అది కాసేపు చూసి, కుడిచేతి తోలు చేతితొడుగు లాగేసి, చేతిని ఆ వెల్వెట్ గుడ్డ మీద పెట్టింది.

"ఈ వేలితో నొక్కగలిగేది చూపించండి," అంది.

నవ్వులు ఆగిపోయాయి. "చేతికేమైంది హెల్మీ?" అన్నాడు వెండెల్.

అక్క నోరు తెరిచేలోపే నాన్న అందుకున్నాడు. "ట్రక్కు తలుపు పడిందిలే. మంచులో జారి." అందరూ అయ్యో పాపం అన్నారు. నేను నాన్నకేసి చూశాను. నాన్న బూట్లకేసి చూసుకున్నాడు.

రివాల్వర్ ట్రిగ్గర్ ఆ వేలికి కదల్లేదు. గులాబిరంగుదాని ట్రిగ్గర్ చుట్టూ ఉన్న ఇనుప వలయం ఎంత ఇరుకంటే తొడుగున్న వేలు దూరనే లేదు. చివరికి అక్క ఎడంచేత్తో ఒకటి ఎత్తింది. సన్నగా, పొడుగ్గా ఉంది, వలయం విశాలంగా ఉంది, పైభాగం వెనక్కి లాగడానికి రెండు వేళ్ళ బలం చాలింది. "ఇది," అంది. ఎవరి అభిప్రాయమూ అడగలేదు.

నేర్పింది బెర్నీస్. జైల్లో కాపలా ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, నోరు తెరిస్తే తిట్టే. ఊరి బయట కంకర తవ్విన గోతిలో, ముక్కు వెంట్రుకలు గడ్డకట్టే చలిలో అక్కని నించోబెట్టింది. వెచ్చటి గదిలో నేర్చుకున్నది వెచ్చటి గదిలోనే పనికొస్తుందని బెర్నీస్ వాదం.

"రోజూ వేసుకునేవన్నీ వేసుకునే వచ్చావుగా? ఇప్పుడు వాడు నీ వైపు నడుస్తున్నాడనుకో. తియ్యి."

తుపాకీ బెల్టుకి కట్టిన ఒరలో ఉంది. దానిమీద ఉన్ని స్వెటరు, దానిమీద భుజాలదాకా వచ్చే మంచు ప్యాంటు, దానిమీద మోకాళ్ళదాకా కోటు. అక్క కోటు ఎత్తింది, స్వెటరు జారింది, స్వెటరు లాగింది, కోటు పడింది. చలికి పెదాలు కొరుక్కుంటూ తనని తనే కౌగిలించుకున్నట్టు తిరిగింది.

"ఈలోపు వాడు కాఫీ తాగి, కప్పు కడిగి కూడా వస్తాడు," అంది బెర్నీస్.

నాన్న ట్రక్కులో కూచుని సాండ్విచ్ తింటూ చూస్తున్నాడు. నవ్వాడు. బెర్నీస్ అటు తిరిగి, "ఏం పెద్దాయనా, సినిమాలా ఉందా?" అంది. నాన్న నమలడం ఆపాడు.

కోటు జేబులో పెడితే ట్రక్కు సీటు బెల్టు అడ్డం. పైగా కోటు విప్పి ఎక్కడ తగిలిస్తే తుపాకీ అక్కడే ఉండిపోతుంది. మరోసారి, తుపాకీ తిరిగి ఒరలో దోపుతుంటే కోటు అంచున వేలాడే తాడు, దాని చివర ప్లాస్టిక్ పూస, ట్రిగ్గర్ సందులోకి దూరాయి. బెర్నీస్ ఒక్క అరుపు అరిచి అక్క మణికట్టు పట్టుకుంది. ఇంకాస్త కిందికి నొక్కి ఉంటే తొడలో గుండు దిగేది. అక్కడికక్కడే కత్తెర తీసి, కోటుకున్న తాళ్ళన్నీ కోసి పారేసింది. చలి ప్రాంతంలో వాడు చంపక్కర్లేదు, కోటే చంపుతుంది అని గొణిగింది.

ఇంకొకటి కూడా చెప్పింది. బయటి చలిలోంచి తిన్నగా వంటింటి వేడిలోకి తీసుకొస్తే ఇనుముకి చెమట పడుతుంది, ఆ తడితోనే మళ్ళీ బయటికెళితే లోపల గడ్డకడుతుంది, కాబట్టి తుడవకుండా బయటికి తీసుకెళ్ళకు అంది. మా వంటిల్లంటే పొద్దస్తమానం ఆవిర్లే. అక్క ఆ రోజు నుంచీ దాన్ని పసిపిల్లలా తుడిచేది.

చివరికి తేలిందేంటంటే, ఒర ఛాతీ మీద, కుడిపక్కన, స్వెటరు మీద, కోటు కింద ఉండాలి. జిప్పు సగం దింపి ఎడంచెయ్యి దూరిస్తే చాలు. అలాంటిది ఎడంచేతి వాటానిది వెండెల్ దగ్గర లేదు. తెప్పించాలంటే క్రిస్మస్ దాటుతుందన్నాడు.

"నేను కుడతాను," అన్నాడు నాన్న.

నిజం చెప్పాలంటే అప్పుడు నా కోపం కాస్త కరిగింది. నాన్న దుప్పితోలుతో చేతితొడుగులు కుట్టి అమ్మేవాడు, చేతిపనిలో ఆయనకి ఆయనే సాటి. కాగితం కత్తిరించి అక్క ఛాతీకి పెట్టి కొలిచాడు. తోలు తడిపి, తుపాకీ చుట్టూ నొక్కి ఆరబెట్టాడు. పట్టీ భుజం మీద ఎక్కడ ఒరుసుకుంటుందో చూసి అక్కడ గొర్రెతోలు కుట్టాడు. క్రిస్మస్ ముందు తెచ్చి అక్కకి తనే తొడిగాడు. అక్క జిప్పు దింపి, ఎడంచేత్తో తీసింది. చప్పుడు లేదు, తడబాటు లేదు.

"బావుంది నాన్నా," అంది. దాని కళ్ళు చెమర్చాయి. ఆయనవీ.

ఆ ఒర సంగతి మా ఇద్దరికీ, నాన్నకీ, బెర్నీస్‌కీ తప్ప ఎవరికీ తెలియదు. తెలియకూడదు కూడా. దాచుకునేదంటే అర్థమే అది.

జనవరిలో ఒక పొద్దున అక్క చెత్తసంచీ పట్టుకుని వెనక్కి వెళ్ళి, సంచీతోనే తిరిగొచ్చింది. మొహం పిండిముద్దలా ఉంది. పొయ్యి దగ్గర నించుంది.

"ఏమైందే?"

"వాడు బంకులో కిటికీ దింపాడు. రోడ్డు దాటలేదు. అక్కణ్ణుంచే అన్నాడు."

"ఏమన్నాడు?"

"'ఎడంచేత్తో గురి కుదురుతోందా హెల్మీ? ముసలాయన కుట్టుపని మాత్రం ముచ్చటగా ఉందట' అని, ఇదిగో ఇక్కడ తట్టుకున్నాడు." అక్క తన కోటు మీద కుడిపక్కన చెయ్యి పెట్టి చూపించింది. సరిగ్గా ఒర ఉన్న చోటే.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. బెర్నీస్ కాదు. బెర్నీస్ పళ్ళు పీకినా చెప్పదు. ఆ రోజు బుధవారం. బుధవారం, శనివారం నాన్న ఇంటివెనక సౌనా కాగుతుంది, కట్టెల పొయ్యి మీద రాళ్ళు కాల్చి ఆవిరిస్నానం చేసే గది. శనివారాలు మావి, ఎప్పటినుంచో. బుధవారాల సంగతి మేం పట్టించుకోలేదు. నాన్న ఒక్కడే కాచుకుని ఆవిరి పట్టుకుంటాడనుకున్నాం.

సాయంత్రం కొట్టు మూసి, అక్కతో ఒక్క ముక్క చెప్పకుండా, ఊరికి ఎడంగా ఉన్న నాన్న ఇంటికి బయల్దేరాను. సౌనా పొగగొట్టంలోంచి పొగ నిటారుగా లేస్తోంది. పక్కన క్లేటన్ ట్రక్కు. దానిమీద అప్పుడే పడ్డ మంచు లేదు, అంటే వచ్చి ఎంతోసేపు కాలేదు. సౌనా తలుపు తెరుచుకుని వాడు నడుముకి తువ్వాలుతో, ఒంటినిండా ఆవిరితో బయటికొచ్చాడు. మంచు తీసి ఛాతీకి రుద్దుకుంటూ నన్ను చూశాడు.

"ఓ, సైమా! రా రా, మామ కాఫీ పెడతాడు," అన్నాడు.

ఇరవై ఏళ్ళు నేను బావా అని పిలిచిన మనిషి. వాడి మొహం చూడకుండా వాణ్ణి దాటుకుని లోపలికెళ్ళాను. బట్టలు మార్చుకునే గదిలో నాన్న బల్లమీద తువ్వాలు కప్పుకుని కూచుని ఉన్నాడు, ఎర్రగా, ప్రశాంతంగా.

"చెప్పావా వాడికి?" అన్నాను.

"ఏంటే, అలా అరుస్తావు?"

"అక్క తుపాకీ ఎక్కడ పెట్టుకుంటుందో చెప్పావా?"

నాన్న తువ్వాలు సర్దుకున్నాడు. "ఊరికే... నేను కుట్టిన ఒర సంగతి వచ్చింది. ఎడంచేతి వాటం ఒర కుట్టడం అంత తేలిక కాదు తెలుసా. మాట మీద మాట..."

"గొప్పలు చెప్పుకున్నావన్నమాట! దాని ప్రాణం నీ కుట్టుపని గొప్పలకి ఖర్చు రాసేశావన్నమాట!"

"వాడు మంచోడు కాదని నేననలేదా? కానీ సౌనా కాగుతున్నప్పుడు వచ్చినవాణ్ణి పొమ్మనలేం సైమా. మా నాన్న గని సమ్మెలో అందర్నీ కాదని పనిలోకి వెళ్ళినవాణ్ణి కూడా రానిచ్చాడు. లోపల అందరూ ఒంటిమీద గుడ్డలేనివాళ్ళే, అక్కడ గొడవలుండవు. అది మన పద్ధతి."

"అక్క వేళ్ళు విరిచినవాడి వీపుకి నీళ్ళు పోస్తున్నావా నువ్వు?"

"తలుపు పడింది," అన్నాడు నాన్న నెమ్మదిగా. "వాడు అలాగే చెప్పాడు. నాకు అక్కడ ఎవరూ..."

ఇంకా వినలేదు. వింటే అక్కడున్న నీళ్ళబకెట్టు ఆయన నెత్తిన కుమ్మరించేదాన్ని. బయటికొచ్చేసరికి క్లేటన్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

ఇంటికెళ్ళి అక్కకి అంతా చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. అది పిండి పిసుకుతూనే ఉంది, పిసుకుతూనే ఉంది. చివరికి, "శనివారం వెళదాం," అంది.

"ఎక్కడికే? ఆ ఇంటికా?"

"సౌనా నాదీనూ," అంది.

మా ఇంట్లో ఆడవాళ్ళు ముందు, మగాళ్ళు తర్వాత. ఆ శనివారం సౌనా కాగడానికి అక్క తనే కట్టెలు పేర్చింది, నాన్నని ముట్టుకోనివ్వలేదు. లోపలికెళ్ళి, గొళ్ళెం వేసింది. ఆ తలుపుకి గొళ్ళెం ఉందనే నేను మర్చిపోయాను. తుప్పు పట్టి కదల్లేదు, కట్టెపేడుతో కొట్టింది. రాళ్ళ మీద నీళ్ళు పోసుకుంటూ ఇద్దరం కూచున్నాం. దాని భుజం మీద ఒర పట్టీ ఒరుసుకున్న గుర్తు లేదు. నాన్న కుట్టిన గొర్రెతోలు మరి.

మా వంతు అయింది. బట్టలేసుకున్నాం. నాన్న వచ్చి తలుపు కొట్టాడు. "అయిందా?"

అక్క గొళ్ళెం తీసి, తలుపు తెరిచి, గడపలో అడ్డంగా నించుంది. నాన్న దుస్తుల మీద పాత స్నానపు గౌను, చేతిలో తువ్వాలు, కాళ్ళకి ఉన్ని చెప్పులు. చలికి ఆయన కనుబొమలు అప్పుడే తెల్లబడుతున్నాయి.

"జరగవే, చలి," అన్నాడు.

"క్లేటన్‌తో రావద్దని చెప్పావా?"

"చెబుతాలే. బుధవారం వస్తే పొయ్యి పాడైందంటాను."

"పొయ్యి పాడవలేదు నాన్నా."

"హెల్మీ, చలేస్తోందే."

"నాకు నవంబరు నుంచీ చలేస్తోంది," అంది అక్క. గొంతు పెంచలేదు. నేనైతే కేకలు పెట్టి కొంప ఎగరగొట్టేదాన్ని. "వెళ్ళి చెప్పు. ఇప్పుడే. చెప్పొచ్చాక లోపలికి వెళుదువుగాని."

నాన్న నాకేసి చూశాడు. నేనేమైనా సర్దిచెబుతానని. నేను అక్క పక్కనెళ్ళి నించున్నాను, గడప ఇంకా ఇరుకైంది. ఆయన వెనక్కి తిరిగి, ఆ చెప్పులతోనే ట్రక్కెక్కాడు. క్లేటన్ ఇల్లు పక్క రోడ్డులోనే. ఇంజను చలికి ములిగి ములిగి అందుకుంది.

మేం తలుపు మూయలేదు. వేడంతా బయటికి పోయింది. పోనిమ్మంది అక్క.

నాన్న తిరిగొచ్చేసరికి తువ్వాలు ఇంకా చంకలోనే ఉంది.

"చెప్పాను," అన్నాడు.

"ఏమని?"

"మళ్ళీ నా సౌనాకి రావద్దని."

"ఎందుకని అడగలేదా?"

"అడిగాడు." నాన్న చంకలోంచి తువ్వాలు తీశాడు. "నా కూతురి చేతిని తలుపులో పెట్టి విరిచావు కాబట్టి అన్నాను."

అక్క పక్కకి జరిగింది. నాన్న లోపలికెళ్ళాడు, చల్లబడిపోయిన సౌనాలోకి. కట్టెలు వెయ్యడానికి నేను కదలబోతే అక్క నా చెయ్యి పట్టుకుంది. ఆయనే వేసుకున్నాడు.

నాకు కోపం తగ్గలేదు. డెప్యూటీ మీదా, స్టవ్ చుట్టూ నవ్వినవాళ్ళ మీదా, ఆ నోరు అంత ఆలస్యంగా పెగిలినందుకు నాన్న మీదా ఇప్పటికీ ఉంది. క్లేటన్ ట్రక్కు ఫిబ్రవరిలో ఇంకా కొన్నాళ్ళు బంకులో ఆగింది, తర్వాత ఆగలేదు. వాడు మానుకున్నాడో, వేరే చోటు చూసుకున్నాడో మాకెవరూ చెప్పలేదు.

నాన్న కుట్టిన ఒరని అక్క తీసి బీరువాలో పెట్టేసింది. తుపాకీ మాత్రం వదల్లేదు. ఇప్పుడు దాన్ని ఒంటిమీద ఎక్కడ పెట్టుకుంటుందో నాన్నకి చెప్పలేదు. నాకూ చెప్పలేదు. రోజూ పక్కపక్కనే నించుని పాస్టీల అంచులు నొక్కుతాం. నేను అడగలేదు.